నడుం నొప్పి: రిపోర్టులో కనిపించేది, ఒంట్లో జరిగేది

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో సాయంత్రం పూట ఆసుపత్రుల వరండాల్లో కూర్చున్నవాళ్ళను గమనించండి. ఎంతోమంది ఒళ్ళో పెద్ద ఎంఆర్ఐ కవరు కనిపిస్తుంది. లోపలున్న ఫిల్ములు ఎవరికీ అర్థం కావు. భయమంతా వాటితో వచ్చిన ఒక్క పేజీ రిపోర్టుతోనే. 'ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్, ఎల్5-ఎస్1 దగ్గర డిస్క్ డీజనరేషన్, నరం మీద ఒత్తిడి' అని అందులో రాసి ఉంటుంది. తెలిసినవాళ్ళెవరో అది చదివి "డిస్క్ జారిందిరా, ఇక జన్మలో బరువు ఎత్తకు" అంటారు. దాంతో నలభై ఏళ్ళ మనిషి వంగడం మానేస్తాడు, పొలానికి వెళ్ళడం మానేస్తాడు, ఆపరేషన్‌కి అప్పు ఎక్కడ పుడుతుందా అని తిరగడం మొదలుపెడతాడు.

ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్న సంగతి ఒకటుంది. స్కానింగ్‌లో కనపడ్డ ప్రతి తేడా నొప్పికి కారణం కాదు. నొప్పి ఎక్కువగా ఉన్నంత మాత్రాన లోపల పెద్ద నష్టం జరిగినట్టూ కాదు. అలాగని అన్ని నడుం నొప్పుల్నీ తేలిగ్గా తీసుకోకూడదు. కొన్నింటికి గంటల వ్యవధిలో వైద్యం అందాలి. ఈ రెండు రకాల్నీ విడదీసి చూడటం తెలిస్తే డబ్బు మిగులుతుంది, కొన్నిసార్లు కాళ్ళూ మిగులుతాయి.

వెన్నులో మొత్తం 33 పూసలుంటాయి. నడుం భాగంలో ఉన్నవి 5. వాటికే పైనుంచి కిందికి ఎల్1, ఎల్2 అంటూ ఎల్5 దాకా పేర్లు. వాటి కిందున్న మరో 5 పూసలు పెద్దయ్యేసరికి ఒకే ఎముకగా కలిసిపోతాయి, అందులో మొదటిది ఎస్1. పూసకీ పూసకీ మధ్య ఉండే డిస్కులో బయట గట్టి పీచు వలయాలు, లోపల నీటిశాతం ఎక్కువగా ఉన్న మెత్తటి గుజ్జు ఉంటాయి. డిస్కు రెండు పూసలకీ గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి అది చోటు వదిలి జారిపోవడమంటూ ఉండదు. బయటి వలయం పలచబడినచోట లోపలి గుజ్జు ఉబ్బుతుంది (రిపోర్టులో డిస్క్ బల్జ్ అని రాసేది దీన్నే), లేదంటే చిరుగులోంచి బయటికి తోసుకొస్తుంది. ఇలా జరిగేది నూటికి తొంభై సందర్భాల్లో చిట్టచివరి రెండు డిస్కుల దగ్గరే. వంగినా, లేచినా, బరువెత్తినా భారమంతా పడేది అక్కడే.

ఇక్కడ ధైర్యం తెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. వెన్నుపాము నడుం పైభాగంలో, ఎల్1-ఎల్2 దగ్గరే ముగిసిపోతుంది. అక్కణ్ణించి కిందికి ఉండేది విడివిడి నరాల గుత్తి. కాబట్టి ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు ఉబ్బితే వెన్నుపాము నలిగి ఒళ్ళంతా పడిపోతుందన్న భయం అక్కర్లేదు. ఒత్తిడి పడేది నరాల మీద. అది ఎప్పుడు ప్రమాదమో కింద చెబుతాను.

రిపోర్టును ఎలా చదవాలి

2015లో వచ్చిన ఒక సమీక్ష 33 అధ్యయనాలను కలిపి చూసింది. వాటిలో ఉన్న 3,110 మందిలో ఎవరికీ నడుం నొప్పి లేదు. అయినా స్కానింగ్ చేస్తే 20 ఏళ్ళ వయసువాళ్ళలో 37 శాతం మందికి డిస్కు అరుగుదల (డీజనరేషన్) కనిపించింది. 40 ఏళ్ళవాళ్ళలో అది 68 శాతం, 80 ఏళ్ళవాళ్ళలో 96 శాతం. డిస్క్ బల్జ్ సంగతీ అంతే. నలభైల్లో ఉన్నవాళ్ళలో సగం మందికి అది ఉంది, వాళ్ళకు ఏ బాధా లేదు. జుట్టు నెరిసినట్టే వయసుతోపాటు డిస్కుల్లో నీరు తగ్గుతుంది, ఎత్తు తగ్గుతుంది.

అంటే నొప్పి లేని మనిషిని తీసుకొచ్చి ఎంఆర్ఐ తీయించినా మీ రిపోర్టులో ఉన్న మాటలే చాలామటుకు వాళ్ళ రిపోర్టులోనూ ఉంటాయి. మరి డాక్టరు దేన్ని నమ్మాలి? మీ మాటనీ, మీ ఒంటినీ. నొప్పి నడుం దగ్గరే ఆగుతోందా, పిరుదులోంచి తొడ వెనకగా పిక్క దాకా, పాదం దాకా జివ్వుమని లాగుతోందా అన్నది మొదటి ప్రశ్న. తర్వాత మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలిని మెల్లగా పైకి లేపుతారు. 30 నుంచి 70 డిగ్రీల మధ్యలో కాలి కింది దాకా ఆ లాగుడు వస్తే నరం మీద ఒత్తిడి ఉందని అనుమానించాలి. మడమల మీద నడవమంటారు, బొటనవేలిని పైకి ఎత్తమని దాన్ని కిందికి నొక్కుతారు. అది చేయలేకపోతే సాధారణంగా ఎల్5 నరం దెబ్బతిన్నట్టు. మునివేళ్ళ మీద లేవలేకపోతే, మడమ వెనక సుత్తితో కొట్టినా పాదం కదలకపోతే ఎస్1 వైపు చూడాలి. ఇదంతా కలిపి పది నిమిషాల పని. ఈ పరీక్షలో తేలిన నరమూ, స్కానింగ్‌లో నొక్కుకున్నట్టు కనపడ్డ నరమూ ఒకటే అయినప్పుడు ఆ రిపోర్టుకు విలువ వస్తుంది. ఎడమ కాలు లాగుతున్న మనిషికి కుడి పక్క బల్జ్ ఉందని రాస్తే, ఆ బల్జ్‌కు వైద్యం చేసి లాభం లేదు.

కాళ్ళ మీద చెయ్యి వేయకుండా, నడిపించి చూడకుండా, కవరు తీసి ఫిల్ము వెలుగులో పెట్టి ఆపరేషన్ అన్నారంటే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళి అడగండి. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఉంది, మంగళగిరి ఎయిమ్స్ ఉంది. రెండో అభిప్రాయం అడగడం మొదటి డాక్టరును అవమానించడం కాదు.

నడుం నొప్పితో వచ్చేవాళ్ళలో సుమారు 90 శాతం మందికి ఫలానా డిస్కు, ఫలానా పూస అని వేలు పెట్టి చూపించగల కారణం దొరకదు. కండరాలు, కీళ్ళు, డిస్కులు, నిద్ర, టెన్షన్ అన్నీ కలిసి వచ్చే నొప్పి అది. కారణం దొరకలేదంటే నొప్పి అబద్ధమని కాదు. చాలామందికి ఆరు వారాల్లో అది బాగా తగ్గిపోతుంది. అందుకే మొదటి వారాల్లో, కింద చెప్పబోయే ప్రమాద సూచనలు లేకపోతే, స్కానింగ్ వద్దని ప్రపంచవ్యాప్తంగా వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఆలస్యం చేయకూడనివి

మూత్రం వస్తున్నట్టు తెలియకపోవడం, లేదా ఎంత ప్రయత్నించినా రాకపోవడం, మలం మీద అదుపు పోవడం, తొడల లోపలి వైపూ మర్మాంగాల చుట్టూ మొద్దుబారడం, రెండు కాళ్ళూ బలహీనపడటం. వీటిలో ఏదొచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. పెద్ద డిస్కు ముక్క ఆ నరాల గుత్తిని మొత్తంగా నొక్కేస్తే ఇలా అవుతుంది. సమయానికి ఆపరేషన్ జరగకపోతే మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోవచ్చు. ఆడవాళ్ళు ఈ సంగతి ఇంట్లో చెప్పడానికి మొహమాటపడి రెండు మూడు రోజులు గడిపేస్తారు. దయచేసి అమ్మకీ, అత్తయ్యకీ, అక్కకీ ఈ ఒక్క పేరా అయినా చదివి వినిపించండి.

పాదం ఉన్నట్టుండి వాలిపోవడం ఇంకో సూచన. నడుస్తుంటే చెప్పు జారిపోయిందని కూడా తెలియదు, వేళ్ళు గడపకు తగులుతుంటాయి. ఇలాంటప్పుడు ఆ వారంలోనే నరాల సర్జన్‌కో, వెన్ను ఆపరేషన్లు చేసే ఎముకల డాక్టరుకో చూపించాలి.

మనదేశంలో మరిచిపోకూడనిది వెన్ను క్షయ. టీబీ అంటే దగ్గే అనుకుంటాం గానీ అది పూసల్నీ తింటుంది. 1779లోనే పెర్సివల్ పాట్ అనే ఇంగ్లిష్ సర్జన్ దీన్ని వర్ణించాడు. నడుం నొప్పితోపాటు సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి తగ్గడం, ఒళ్ళు తీసేసినట్టు బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే దీన్ని అనుమానించాలి. నెలల తరబడి బెల్టు పెట్టుకుని, నొప్పి సూదులు వేయించుకుని కాలం గడిపితే పూస కుంగి గూని వస్తుంది, కాళ్ళు పడిపోవచ్చు. ముందే పట్టుకుంటే చాలామందికి మందులతోనే నయమవుతుంది. సర్కారు ఆసుపత్రిలో ఆ మందులు ఉచితం. సాధారణంగా ఏడాదిపాటు మానకుండా వాడాలి.

గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్ళకు కొత్తగా నడుం నొప్పి వచ్చినా, పెద్దవయసు ఆడవాళ్ళకు చిన్న కుదుపుతోనే నడుం మధ్యలో పోటు మొదలైనా వెంటనే చూపించాలి. ఆడవాళ్ళ ఎముకల సంగతి మన రాష్ట్రంలో ఇంకొంచెం ఎక్కువగా పట్టించుకోవాలి. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి.

పాతికేళ్ళ కుర్రాడికి పొద్దున్నే అరగంటకు పైగా నడుం బిగుసుకుపోయి, తిరిగితే తగ్గి, పడుకుంటే పెరుగుతుంటే అది కీళ్ళవాతం జాతికి చెందినది కావచ్చు. దానికి వైద్యం పూర్తిగా వేరు. ఎండాకాలంలో నడుం పక్కనుంచి గజ్జల్లోకి మెలిపెట్టే నొప్పి వస్తే అది కిడ్నీలో రాయి అయ్యే అవకాశమే ఎక్కువ. షుగరు ఉన్నవాళ్ళకు రెండు పాదాలూ ఒకేలా మంటలు, తిమ్మిర్లు ఉంటే ముందు షుగరునే అనుమానించాలి.

అరవై దాటినవాళ్ళలో ఇంకో రకం కనిపిస్తుంది. నాలుగడుగులు వేసేసరికి రెండు కాళ్ళూ బరువెక్కి పీకుతాయి. అరుగు మీద కాసేపు కూర్చుంటే మళ్ళీ మామూలే. సైకిల్ మాత్రం ఎంత దూరమైనా తొక్కగలరు. ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ బాధ. నరాలు వెళ్ళే దారి ఇరుకైపోవడం వల్ల వచ్చేది ఇది. ముందుకు వంగితే ఆ దారి కాస్త వెడల్పవుతుంది, అందుకే సైకిల్ మీద హాయిగా ఉంటుంది.

మంచం, బెల్టు, సూది

నడుం పట్టేయగానే ఇంట్లో అందరూ చెప్పేది పడుకోమని. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకిలో జరిగిన పరీక్షలో మంచం మీద విశ్రాంతి తీసుకున్నవాళ్ళకంటే, వ్యాయామాలు చేసినవాళ్ళకంటే, నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకున్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు. డిస్కుకు సొంత రక్తనాళాలు దాదాపుగా ఉండవు. చుట్టుపక్కల నుంచి ఇంకే పోషకాలతోనే అది బతుకుతుంది, కదలిక వల్ల ఆ ఇంకడం సాగుతుంది. మరీ భరించలేకపోతే ఒకటి రెండు రోజులు పడుకోండి, అంతకు మించొద్దు. నేల మీద పడుకోవాలన్న నియమం కూడా ఏమీ లేదు. 2003లో స్పెయిన్‌లో 313 మంది మీద చేసిన పరీక్షలో గట్టి పరుపు కంటే మధ్యరకం పరుపే మేలు చేసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. నడుం బెల్టులు, ట్రాక్షన్ (నడుమును లాగి పట్టే చికిత్స), కరెంటు పెట్టడం, అల్ట్రాసౌండ్ చికిత్స మామూలుగా వాడొద్దని అందులో ఉంది. మన ఊళ్ళలో ఫిజియోథెరపీ అంటే ఎక్కువచోట్ల ఈ యంత్రాలే. పదిరోజులు రోజూ డబ్బు కట్టి యంత్రం కింద పడుకుని రావడం కంటే, చేయించి చూపించే ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగు వ్యాయామాలు సరిగ్గా నేర్చుకుని ఇంట్లో చేసుకోవడం ఎంతో మేలు. ఆ మార్గదర్శకాలు మేలు చేస్తాయన్న వాటిలో వ్యాయామం, నొప్పి గురించి సరైన అవగాహన, మనసుకు సంబంధించిన సాయం ఉన్నాయి.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం మీద తన్నించుకుంటే పట్టు వదులుతుందని మన పెద్దవాళ్ళ నమ్మకం. తగ్గిందని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పట్లేదు. పట్టేసిన నడుం ఎలాగూ కొద్ది రోజుల్లో వదిలేదే, ఈలోపు ఎవరు తన్నినా పేరు వాళ్ళకే వస్తుంది. కానీ ఎముకలు గుల్లబారిన ముసలమ్మ మీద ఆ కాలు పడితే పూస విరుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు ఇది మాత్రం చేయనివ్వకండి.

సిజేరియన్ అప్పుడు వెన్నులో వేసిన మత్తు ఇంజెక్షన్ వల్లే తనకీ నొప్పి అని ఎంతోమంది ఆడవాళ్ళు గట్టిగా నమ్ముతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 మధ్య మన రాష్ట్రంలో 42 శాతం కాన్పులు సిజేరియన్లే కాబట్టి ఈ మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. సూది గుచ్చినచోట కొద్ది రోజులు నొప్పి ఉండొచ్చు. ఏళ్ళ తరబడి ఉండే నొప్పికి అది కారణమని అధ్యయనాల్లో తేలలేదు. గర్భంతో సాగిపోయిన పొట్ట కండరాలు, బిడ్డను ఎత్తుకుని చేసే పని, నిద్రలేమి అసలు కారణాలు కావచ్చు. నిందంతా సూది మీద వేసేస్తే వీటి గురించి ఎవరూ అడగరు.

మందుల విషయానికొస్తే, డైక్లోఫెనాక్ లాంటి బిళ్ళలు కొద్ది రోజులు వాడితే కొంత ఉపశమనం ఇస్తాయి. బీపీ, షుగరు ఉండి, మే నెల ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గిన మనిషికి రోజూ ఆ సూది వేస్తే దెబ్బతినేది కిడ్నీలు. పారాసిటమాల్ అప్పటికప్పుడు వచ్చిన నడుం నొప్పిలో ఉత్తుత్తి బిళ్ళ కంటే ఎక్కువ పనిచేయలేదని 2014లో ఆస్ట్రేలియాలో తేలింది. నరాల బిళ్ళ అంటూ విరివిగా రాసే ప్రీగాబలిన్ కూడా సయాటికాలో (నరం మీద ఒత్తిడి వల్ల కాలు లాగే నొప్పిలో) అంతే, 2017 నాటి పరీక్షలో అది మేలు చేయకపోగా కళ్ళు తిరగడం ఎక్కువైంది. రోజంతా ఆటో నడిపే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఆపరేషన్ ఎప్పుడు

డిస్కులోంచి బయటికొచ్చిన గుజ్జును ఒళ్ళే మెల్లగా కరిగించేసుకుంటుంది. పూర్తిగా తెగి పడిన పెద్ద ముక్కలే ఎక్కువగా కరుగుతాయి, చిన్న బల్జ్ అలాగే ఉండిపోతుంది. రిపోర్టులో పెద్దగా భయపెట్టే మాట ఉన్నంత మాత్రాన తగ్గదని అనుకోవద్దు.

నెదర్లాండ్స్‌లో 283 మంది సయాటికా రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. వాళ్ళకు అప్పటికే ఆరు నుంచి పన్నెండు వారాలుగా కాలు తీవ్రంగా లాగుతోంది. కొందరికి త్వరగా ఆపరేషన్ చేశారు, మిగతావాళ్ళను వేచి చూడమన్నారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు కాలి నొప్పి చాలా ముందే తగ్గింది. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. వేచి చూసినవాళ్ళలో 39 శాతం మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారన్నదీ నిజమే.

నాకు దీంట్లోంచి అర్థమయ్యేది ఇది. ప్రమాద సూచనలు లేనప్పుడు ఆపరేషన్ ఒక వీలు మాత్రమే, తప్పనిసరి కాదు. నొప్పి భరించలేక, పని పోగొట్టుకునే పరిస్థితి ఉంటే చేయించుకోవడంలో తప్పులేదు, త్వరగా ఉపశమనం దొరుకుతుంది. ఆగగలిగితే ఆగడంలోనూ నష్టం లేదు. అయితే ఇదంతా కాలు లాగే సయాటికాకు వర్తిస్తుంది. కాలికి పాకకుండా నడుంలోనే ఉండే నొప్పికి డిస్కు ఆపరేషన్ చేస్తే ఆ ఫలితం ఉండదు. స్క్రూలు, రాడ్లు వేస్తామంటే పూస కదిలిపోతోందా, ఎందుకు వేయాలి, వేయకపోతే ఏమవుతుంది అని సూటిగా అడగండి.

మళ్ళీ రాకుండా

నడుం నొప్పి తగ్గినవాళ్ళలో చాలామందికి ఏడాదిలోపే మళ్ళీ వస్తుంది. 2024లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరీక్షలో 701 మంది పాల్గొన్నారు. కొందరికి ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా పెంచుకుంటూ వెళ్ళే నడక నేర్పారు. వాళ్ళకు నొప్పి తిరగబెట్టడానికి పట్టిన కాలం దాదాపు రెట్టింపయింది: మిగతావాళ్ళకు 112 రోజులు, నడిచినవాళ్ళకు 208. చెప్పులు తప్ప ఖర్చులేని వైద్యం ఇది. మన ఎండలకు తెల్లవారుజామునే నడవాలి, అంతే తేడా.

కానీ నడుం నొప్పి ఎక్కువగా పట్టి పీడించేది వాకింగ్‌కి తీరిక లేనివాళ్ళనే. గుంటూరు మిర్చి యార్డులో సీజన్లో ఒక్కసారి నిలబడి చూడండి. ఇద్దరు పట్టి లేపితే మూడో మనిషి తల వంచి, నలభై కిలోల పైచిలుకు టిక్కీని (మిర్చి బస్తాని) మెడ వెనక భుజాల మీదికి తీసుకుంటాడు. ఘాటుకు తుమ్ముతూ, దగ్గుతూనే లారీ దాకా నడుస్తాడు. తుమ్మినా దగ్గినా డిస్కు లోపలి ఒత్తిడి పెరుగుతుంది, భుజాల మీద ఆ బరువు ఉండగానే. కర్నూలు వైపు నుంచి మిర్చి కోతలకు వలసొచ్చే ఆడవాళ్ళు పొద్దుగూకేదాకా నడుం వంచే ఉంటారు. లారీ డ్రైవర్లకు గంటల తరబడి కూర్చోవడంతోపాటు సీటు అదురు కూడా తోడవుతుంది. వీళ్ళకు 'వంగకండి, బరువెత్తకండి' అని చీటీ రాసివ్వడం వైద్యం కాదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు మించకూడదని సిఫారసు చేసింది. మన దగ్గర ధాన్యం బస్తా లెక్క ఇప్పటికీ 75 కిలోలు. తేలికపాటి గోనెలు వాడటం, బస్తాను నేలమీద కాకుండా నడుం ఎత్తున్న బల్ల మీద ఉంచడం, గంటకోసారి పని మార్చడం యజమానులు చేయగలిగినవి. ఇవి కూలీలు సంఘంగా అడగాల్సినవి కూడా.

నొప్పి తగ్గి పనికి వెళ్ళేటప్పుడు మొదటి రోజే పూర్తి బరువు ఎత్తొద్దు. తేలిక మూటలతో మొదలుపెట్టి వారం వారం పెంచుకుంటూ వెళ్ళాలి. పెంచినప్పుడు కాస్త నొప్పి వచ్చి రెండో రోజుకి సర్దుకుంటే భయం లేదు. కాలు లాగడం మొదలైతే ఒక మెట్టు దిగి, మళ్ళీ ఎక్కాలి. ఇందుకు మేస్త్రీ ఒప్పుకోవాలి కాబట్టి, ఫలానా తేదీ దాకా తేలిక పనే చేయించాలని డాక్టరు చేత చీటీ మీద రాయించుకోండి. అడిగితే రాసిస్తారు.